బుగ్గల ఎర్రదనం, మంగు మచ్చలు: ఫోటో ఫేషియల్ చేయించుకోవచ్చా?

పద్మ_బెజవాడ
నా వయసు 41, స్కూల్లో టీచర్ని. పొద్దున అసెంబ్లీ, సాయంత్రం బస్ డ్యూటీ, రెండు పూటలా ఎండే. కొన్నేళ్లుగా రెండు బుగ్గల మీదా మంగు ఉంది. ఈమధ్య దాని చుట్టూ ఎర్రదనం కూడా మొదలైంది. స్టవ్ దగ్గర కాసేపు నిలబడితే చాలు, మొహం భగ్గుమంటుంది. అద్దానికి దగ్గరగా వెళ్లి చూస్తే ముక్కు పక్కన సన్నటి ఎర్ర గీతలు కనిపిస్తున్నాయి.

మా వీధి చివర కొత్తగా పెట్టిన స్కిన్ సెంటర్‌లో అడిగితే "ఫోటో ఫేషియల్" అన్నారు. లైట్ కొడతారట, మచ్చలూ ఎర్రదనం రెండూ ఒకేసారి పోతాయట. ఆరు సిట్టింగులు, 24 వేలు. మొత్తం ముందే కడితే ఇంకో సిట్టింగ్ ఫ్రీ. వాళ్లు చూపించిన ఫోటోలన్నీ తెల్లవాళ్లవే, మనవాళ్లది ఒక్కటీ లేదు. ఆ మాటే అడిగితే "ఎవరికైనా ఒకటే మేడమ్" అన్నారు. మాఘంలో మేనకోడలి పెళ్లి ఉంది. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోదారిగట్టు
డబ్బు మాత్రం ముందే కట్టొద్దండీ. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

సుజాత_నిజాంపేట
పద్మగారూ, ఆగండి. మా చెల్లికి ఇదే చేశారు, పేరు కూడా ఇదే చెప్పారు. అది బీచ్‌కి వెళ్లొచ్చిన వారానికే చేయించుకుంది. ఎండలో తిరిగారా అని అక్కడ ఒక్కరూ అడగలేదు. లైట్ పడుతున్నప్పుడే మంట అంటే "కొంచెం ఓర్చుకోండి, పనిచేస్తోందని అర్థం" అన్నారట. ఇంటికొచ్చేసరికి బుగ్గ మీద వరుసగా చిన్న చిన్న దీర్ఘచతురస్రాలు. ఆ మెషీన్ మూతి ఏ సైజులో ఉందో సరిగ్గా అదే సైజు. మర్నాటికి పొక్కులు. పొక్కులు తగ్గాక అక్కడల్లా నల్లగా మారింది. అవి కనబడకుండా పోవడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో అది ఏ ఫంక్షన్‌కీ రాలేదు, ఫోన్‌లో వీడియో కాల్ కూడా ఎత్తేది కాదు. ఏ సెంటర్ అన్నది ఇక్కడ రాయను. లైట్ కొట్టినామె డాక్టర్ కాదు, అది మాత్రం రాస్తాను.

చిరు_మణికొండ
అమ్మో. దీర్ఘచతురస్రాలు అని చదవగానే నా బుగ్గ తడుముకున్నాను.

రాజమండ్రి_సత్య
అందరూ భయపెడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. నేను హైదరాబాద్‌లో చర్మవైద్యురాలి దగ్గర ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్, ఫోటో ఫేషియల్‌లో కొట్టేది ఈ లైటే) చేయించుకున్నాను. నాకున్నది మంగు కాదు, యాభై దాటాక ఎండకి కణతల మీద, బుగ్గల మీద వచ్చే చిన్న గోధుమ రంగు చుక్కలు. నేను మనవాళ్లలో కాస్త తెలుపే.

ఎలా ఉంటుందో చెప్తాను. మొహమంతా చల్లటి జెల్ రాస్తారు. కళ్ల మీద గట్టి కవచాలు పెడతారు. అయినా ఫ్లాష్ పడ్డప్పుడల్లా లోపల నారింజ రంగు మెరుపు తెలుస్తుంది. టక్ మని ఒక చప్పుడు, చురుక్కున ఒక నొప్పి. పై పెదవి దగ్గర నూగు కాలిన వాసన కూడా వచ్చింది. సాయంత్రానికి చుక్కలన్నీ ఇంకా నల్లబడ్డాయి, మొహం మీద కాఫీ పొడి చల్లినట్టు. గోకొద్దన్నారు. వారం పది రోజుల్లో వాటంతట అవే రాలిపోయాయి. కింద శుభ్రమైన చర్మం. నాకైతే ఇచ్చిన డబ్బుకి న్యాయం జరిగింది.

కానీ ఆవిడ మొదటి రోజే చేయలేదు. చెవి ముందు ఒక చిన్న చోట కొట్టి, కొన్ని వారాలు చూశాకే మొహానికి చేశారు.

సుజాత_నిజాంపేట
సత్యగారూ, మీకు మంచి జరిగినందుకు సంతోషం. మీరు డాక్టర్ దగ్గరికి వెళ్లారు, టెస్ట్ ప్యాచ్ చేశారు, మీకున్నవి చుక్కలు. పద్మగారికున్నది మంగు. మూడింటికి మూడూ వేరు కదా.

రాజమండ్రి_సత్య
నిజమే, ఒప్పుకుంటాను. మెషీన్‌ది తప్పు అనకండి, అంతవరకే నా మాట.

న్యూజెర్సీ_లక్ష్మి
ఇక్కడ అమెరికాలో ఇది చాలా మామూలు విషయం. మా ఆఫీసులో ఒకావిడ లంచ్ టైమ్‌లో వెళ్లి ఐపీఎల్ చేయించుకుని మధ్యాహ్నం మీటింగ్‌కి వచ్చేస్తుంది. మెడ మీద ఎండ మచ్చలు, బుగ్గల ఎర్రదనం, అన్నీ చక్కగా తగ్గాయి ఆవిడకి. అది చూసి నేనూ అదే క్లినిక్‌కి వెళ్లాను. డాక్టర్ నా చేయి చూసి, మొహం చూసి, "ఈ మెషీన్ మీకు పెట్టను" అన్నారు. అప్పుడు బాధేసింది. ఇప్పుడు సుజాతగారి చెల్లి సంగతి చదువుతుంటే ఆయనకి దండం పెట్టాలనిపిస్తోంది.

నాకున్నది రొజేషియా, అంటే మొహం మాటిమాటికీ ఎర్రబడి మండే చర్మవ్యాధి, అని తేలడానికే చాలాకాలం పట్టింది. చామనఛాయ మీద ఎరుపు అంత తేలిగ్గా కనబడదు. మొటిమలు అనుకుని మొటిమల మందులు ఇచ్చారు, దాంతో మంట ఇంకా పెరిగింది. ఒక డాక్టర్ గాజు పలక బుగ్గ మీద నొక్కి చూసి, ఎరుపు మాయమై మళ్లీ రావడం చూసి, "ఎండలో, వేడి సూప్ తాగినప్పుడు, కారం తిన్నప్పుడు మంట వస్తుందా?" అని అడిగారు. అన్నిటికీ అవుననే చెప్పాను. అప్పుడు పట్టుకున్నారు. మెట్రోనిడజోల్ జెల్, కొన్నాళ్లు తక్కువ డోసు డాక్సీసైక్లిన్. వాటితోనే సగం పైగా తగ్గింది. మిగిలిన రక్తనాళాలకి పల్స్‌డ్ డై లేజర్, అదీ తక్కువ ఎనర్జీతో. చేసినచోట్ల కొన్నాళ్లు ఊదా రంగు కమిలింది, తర్వాత పోయింది. ఇన్సూరెన్స్ పైసా ఇవ్వలేదు, కాస్మెటిక్ అన్నారు.

చిరు_మణికొండ
కారం తినొద్దంటే ఇక బతికేం లాభం అక్కా 😄

న్యూజెర్సీ_లక్ష్మి
ఆవకాయ మానలేదు తమ్ముడూ! అన్నీ అందరికీ పడకుండా పోవు. నాకు వేడి వేడి టీ, ఎండ, ఈ రెండూ ఎక్కువ. టీ చల్లారబెట్టుకుని తాగుతాను, ఆవకాయ మాత్రం అలాగే ఉంది.

డాక్టర్_విశాఖ_డీవీఎల్
చర్మవైద్యుణ్ణి. పద్మగారి మొహం చూడకుండా ఇది ఫలానా అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ ఈ లైట్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే "ఎవరికైనా ఒకటే" అన్న మాటలో ఎంత ప్రమాదం ఉందో మీకే అర్థమవుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఐపీఎల్ లేజర్ కాదు. లేజర్‌లో ఒకే తరంగదైర్ఘ్యం ఉంటుంది. ఐపీఎల్‌లో జెనాన్ దీపం నుంచి సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా కలగాపులగంగా కాంతి వస్తుంది, ఫిల్టర్ పెట్టి అందులో కింది భాగాన్ని ఆపేస్తారు. ఈ చికిత్సలన్నిటికీ పునాది 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు వివరించిన సూత్రం. చర్మంలో ఒక పదార్థం బాగా పీల్చుకునే కాంతిని ఎంచుకుని, ఆ వేడి చుట్టుపక్కలకి పాకేలోపే ముగిసేలా చిన్న తునకగా పంపితే, ఆ పదార్థం ఉన్నచోటు మాత్రమే దెబ్బతింటుంది. మచ్చకైతే ఆ పదార్థం మెలనిన్. ఎర్రదనానికైతే రక్తంలోని హిమోగ్లోబిన్.

తెల్లవాళ్లలో పైపొరలో మెలనిన్ తక్కువ. కాంతి నేరుగా చుక్క దగ్గరికో రక్తనాళం దగ్గరికో వెళ్తుంది. మనకి పైపొర అంతటా మెలనిన్ పరుచుకుని ఉంటుంది. లోపలి నాళానికి చేరాల్సిన కాంతిని దారిలోనే అది పట్టేసుకుంటుంది, కాలేది పైపొర. ఎండకి కమిలి ఉంటే ఇంకా ఎక్కువ. సుజాతగారి చెల్లెలికి జరిగింది అదే. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ మొదలుపెట్టిన చర్మ రకాల లెక్కలో ఇప్పుడు ఆరు రకాలున్నాయి. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు. ఐపీఎల్ బాగా కుదిరేది మొదటి మూడు రకాలకి.

ఇక మంగు. అక్కడ రంగు పేరుకుపోవడం ఒక్కటే కాదు సమస్య, రంగు తయారుచేసే కణాలు చీటికీ మాటికీ రెచ్చిపోయే స్థితిలో ఉంటాయి. ఎండ, వేడి, గర్భం, హార్మోన్ మాత్రలు, అన్నీ రెచ్చగొట్టేవే. అలాంటి చోట గట్టిగా లైట్ కొడితే మొదటి నెల తేటగా కనిపించి, తర్వాత ముందుకన్నా నల్లగా తిరిగి రావడం నేను ఎన్నోసార్లు చూశాను. పెళ్లి ముందు చేయించుకుని పెళ్లి నాటికి ఏడుస్తూ వచ్చినవాళ్లున్నారు. మంగుకి మొదటి చికిత్స సన్‌స్క్రీన్, పూతమందులు. అవసరమైతే, రక్తం గడ్డకట్టే జబ్బులేవీ లేవని చూసుకుని ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు. లైట్, లేజర్ చిట్టచివరి మాట.

పద్మగారూ, ఒక్క ప్రశ్న. మంగుకి ఇప్పటిదాకా ఏ క్రీము రాశారు? ట్యూబ్ ఉంటే వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు రాయండి.

లెక్కల_మాస్టారు
డాక్టర్ గారు వివరంగా చెప్పారు. నేను ఇంకో కోణం చెప్పాలి. మా ఆవిడకి కూడా బుగ్గలు, ముక్కు దూలం మీద ఎరుపు, ఎండకి వెళ్తే ఎక్కువ. బ్యూటీ పార్లర్ వాళ్లు ఎండ పడలేదన్నారు, ఏదో ఫేషియల్ చేశారు. ఆ రోజుల్లోనే పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం, జుట్టు ఊడటం, నోట్లో పుళ్లు. ఇవన్నీ వేరు వేరు బాధలనుకున్నాం. మా ఊరి ఫిజీషియన్ అన్నీ కలిపి చూసి ఏఎన్ఏ అనే రక్తపరీక్ష రాశారు. లూపస్ అని తేలింది, ఒంట్లో రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే దాడి చేసే జబ్బు. ఆ జబ్బు ఉన్నవాళ్లకి ఎండే పడదు. అలాంటి మొహం మీద లైట్ కొట్టించుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే. ఇప్పుడు మందులతో బాగుంది, దేవుడి దయ.

బుగ్గల ఎరుపుతో పాటు కీళ్ల నొప్పులు, జ్వరం, నోటి పుళ్లు ఉంటే ముందు ఆ పరీక్ష చేయించండి.

గోదారిగట్టు
మాస్టారూ, ఇది అందరూ చదవాల్సిన పోస్ట్. అక్కయ్యగారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం.

డాక్టర్_విశాఖ_డీవీఎల్
మాస్టారు చెప్పింది చాలా ముఖ్యం. లూపస్ ఎరుపు చాలామందిలో ముక్కు పక్క నుంచి పెదవి దాకా దిగే మడతని వదిలేస్తుంది, రొజేషియాకి ఆ పట్టింపు లేదు. కానీ ఇంట్లో అద్దంలో చూసి తేల్చుకునే విషయం కాదు.

పద్మ_బెజవాడ
అందరికీ థాంక్స్. చదువుతుంటే గుండె దడ వచ్చింది. కీళ్ల నొప్పులు, పుళ్లు నాకేమీ లేవు.

డాక్టర్ గారూ, ట్యూబ్ ఇప్పుడే తీసి చూశాను. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ అని ఉంది. మొదట ఒక డాక్టర్ గారే రాశారు, కొన్ని వారాలకి. చాలా బాగా తగ్గింది. ఆపితే మళ్లీ వచ్చింది. మెడికల్ షాపులో ఖాళీ ట్యూబ్ చూపిస్తే ఇస్తూనే ఉన్నారు. చీటీ ఏదని ఎప్పుడూ అడగలేదు, ఇన్నాళ్లు వాడకూడదని ఎవరూ చెప్పలేదు. రాయకపోతే మంట, దురద. రాస్తే హాయి. దీనికీ ఎర్రదనానికీ సంబంధం ఉందా?

ఖమ్మం_రమ
ఉందండీ పద్మగారూ! మా కాలేజీలో ఆడపిల్లల బ్యాగుల్లో ఇదే ట్యూబ్. తెల్లబడతామని రాస్తారు. మొదటి నెల మెరుపు, ఆరు నెలలకి బుగ్గలు ఎర్రగా, పల్చగా, మొటిమలు, పైగా మొహం మీద వెంట్రుకలు. ఆపితే మంట. ఆ మంట పోవడానికి మళ్లీ అదే క్రీము. పిల్లలు అందులో పడి కొట్టుకుంటున్నారు. నాకు ఆ షాపుల మీద ఎంత కోపమో చెప్పలేను. దగ్గు మందుకి కూడా "ఎవరికి, ఎంత వయసు" అని అడిగే మనిషి, ఇది మాత్రం చాక్లెట్ ఇచ్చినంత సులువుగా ఇస్తాడు.

డాక్టర్_విశాఖ_డీవీఎల్
పద్మగారూ, మీరు రాసిన మూడో పేరు స్టెరాయిడ్. మొహం మీద నెలల తరబడి వాడితే చర్మం పల్చబడి, సన్న రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, వేడి తగిలితే ఎరుపు, మంట. ఆపగానే విజృంభిస్తుంది. దీన్ని మేం టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అంటాం. దేశంలో ఇది ఎంత ఎక్కువైందంటే మా చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ దీని కోసమే ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ పెట్టుకుంది. 2018లో కేంద్రం మోమెటాసోన్‌తో సహా పలు స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారు, అది వేరే బాధ.

మీది అదే అని ఇక్కడ నుంచి తేల్చడం లేదు. కానీ అదే అయితే, ఈ సమయంలో ఐపీఎల్ చేయడమంటే పల్చబడిన చర్మాన్ని ఇంకా కాల్చడం. ముందు చర్మం కోలుకోవాలి. ట్యూబ్‌ని మీ అంతట మీరు రేపట్నుంచి విసిరేయకండి. ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది చూసిన డాక్టర్ చెప్పాలి. ఆపాక కొన్ని వారాలు ఎరుపు ఎక్కువవుతుంది, అప్పుడు భయపడి మళ్లీ రాసుకోకూడదు. ఆ మాట ముందే చెప్పి, ఆ వారాల్లో తోడుండే డాక్టర్ కావాలి మీకు.

సుజాత_నిజాంపేట
ఆ సెంటర్ వాళ్లు క్రీముల గురించి అడిగారా పద్మగారూ?

పద్మ_బెజవాడ
లేదు. ఏ కార్డుతో కడతారని మాత్రం అడిగారు.

చిరు_మణికొండ
సరే, సెంటర్లు వద్దు. ఆన్‌లైన్‌లో ఇంట్లో వాడుకునే ఐపీఎల్ మెషీన్లు దొరుకుతున్నాయి కదా, అవి పవర్ తక్కువ. వాటితో మెల్లమెల్లగా చేసుకుంటే?

న్యూజెర్సీ_లక్ష్మి
తమ్ముడూ, అవి వెంట్రుకల కోసం చేసినవి. పెట్టె మీద చర్మం రంగుల పట్టిక ఉంటుంది చూడు, ముదురు రంగుల దగ్గర ఇంటూ గుర్తు పెడతారు. మంగు ఉన్న మొహం మీద అది అస్సలు వద్దు. కళ్ల దగ్గర మరీ వద్దు. కనుపాపకి దెబ్బ తగిలిన కేసులు ఉన్నాయని మా డాక్టర్ చెప్పారు.

డాక్టర్_విశాఖ_డీవీఎల్
అవును, ఉన్నాయి. కవచం లేకుండా కనురెప్పల దగ్గర కొడితే ఐపీఎల్ కంటి లోపలికి వెళ్తుంది. నల్ల కళ్లలో కూడా మెలనిన్ ఉంటుంది, అది కూడా కాంతిని పట్టేస్తుంది. మూసిన రెప్ప ఆపదు.

గుంటూరు_నానమ్మ_మనవరాలు
నాదొక సందేహం. మా నానమ్మ జీవితమంతా సున్నిపిండి, పసుపు, పెరుగు మీగడ. ఎనభై ఏళ్లకి కూడా మొహం మీద మచ్చ లేదు. ఈ లైట్లూ మాత్రలూ లేకుండా అవి చాలవా?

ఖమ్మం_రమ
నానమ్మలు మధ్యాహ్నం ఎండలో స్కూటీ నడపలేదు కదమ్మా 😊 సున్నిపిండి మంచిదే, ఎవరు కాదంటారు. కానీ ఎర్రబడి మండుతున్న మొహాన్ని పిండితో రుద్దితే ఇంకా రేగుతుంది. నిమ్మరసం మాత్రం ఎవరూ పూయకండి. నిమ్మరసం పూసి ఎండలోకి వెళ్తే అది పడ్డచోటల్లా కాలి నల్లబడుతుంది. మా పక్కింటమ్మాయికి గడ్డం మీద చారలు చారలుగా వచ్చింది.

గుంటూరు_నానమ్మ_మనవరాలు
నిమ్మరసం సంగతి తెలియదు. నానమ్మకి కూడా చెప్తాను. ఆవిడ వింటుందని గ్యారంటీ లేదు.

గోదారిగట్టు
మంగు అనుకునేదంతా మంగు కాదన్నది ఇంకో సంగతి. మా పెద్దమ్మకి నుదురు, చెవుల ముందు, మెడ నలుపు తిరిగితే అందరూ మంగే అన్నారు. చివరికి తలకి వేసుకునే రంగు పడలేదని తేలింది. అలర్జీ కోసం చేసే ప్యాచ్ టెస్ట్‌లో పీపీడీ అనే రసాయనానికి చర్మం రేగింది. ఆ రంగు మానేశాక ఇంకా నల్లబడటం ఆగింది, ఉన్న నలుపు పోవడానికి చాలాకాలం పట్టింది. ఆవిడకి లేజర్ చేసి ఉంటే డబ్బు పోయేది, జబ్బు ఉండేది.

డాక్టర్_విశాఖ_డీవీఎల్
బాగా గుర్తుచేశారు. హెయిర్ డై, అత్తర్లు, కొన్ని కుంకుమలు, మన దగ్గర ఇవి మొహం నల్లబడటానికి మామూలు కారణాలు. స్టిక్కర్ బొట్టు జిగురుకైతే తెల్ల మచ్చ కూడా పడుతుంది. అందుకే లైట్ పట్టుకునే ముందు రోగితో పావుగంట మాట్లాడాలి. ఆ పావుగంట ఇవ్వనిచోట మెషీన్ ఎంత ఖరీదైనదైనా నాకు నమ్మకం లేదు.

రాజమండ్రి_సత్య
అయితే డాక్టర్ గారూ, మన రంగు వాళ్లకి ఎర్రదనానికి లైట్ దారే లేదంటారా? లక్ష్మిగారికి పనిచేసింది కదా.

డాక్టర్_విశాఖ_డీవీఎల్
లేదనను. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ ఉంది. ఆ కాంతిని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి మన చర్మానికి ఉన్నవాటిలో కాస్త క్షేమం. 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్‌ని కూడా ఎనర్జీ తగ్గించి, పల్స్ పొడిగించి, చర్మాన్ని చల్లబరుస్తూ చేయొచ్చు. మన దగ్గర ఆ మెషీన్ అన్నిచోట్లా ఉండదు. మీలాంటి లేతరంగు వాళ్లలో ఎండ చుక్కలకి ఐపీఎల్ కూడా, అనుభవం ఉన్న చేతుల్లో. షరతులు ఒకటే: రోగ నిర్ధారణ తేలాలి, కమిలిన చర్మం మామూలు రంగుకి రావాలి, టెస్ట్ ప్యాచ్ చేసి ఆగాలి. డాక్సీసైక్లిన్ లాంటివి వాడుతుంటే కాంతికి చర్మం ఇంకా సున్నితంగా ఉంటుంది, ఆ విషయం ముందే చెప్పాలి. ఒక్కసారితో అయిపోదు, రొజేషియా అయితే మళ్లీ మళ్లీ తలెత్తుతుంది కూడా.

లెక్కల_మాస్టారు
డాక్టర్ అసలు డాక్టరేనా అన్నది ఎలా తెలుసుకోవాలి? ఇప్పుడు ప్రతి బోర్డు మీదా "కాస్మటాలజిస్ట్" అనే ఉంటుంది.

డాక్టర్_విశాఖ_డీవీఎల్
ఎంబీబీఎస్ తర్వాత ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, లేదా డీఎన్‌బీ ఉండాలి. డీవీఎల్ (చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల చదువు) అన్న మూడక్షరాలు వెతకండి. కొన్ని వారాల కాస్మటాలజీ సర్టిఫికెట్ ఆ చదువు కాదు. ఏపీలో అయితే ఏపీ మెడికల్ కౌన్సిల్, తెలంగాణలో తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ల దగ్గర మొహం పెట్టకండి. డబ్బు ఇబ్బంది అయితే విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంటుంది. ఇలాంటి కేసులు వాళ్లు రోజూ చూస్తారు.

పద్మ_బెజవాడ
అందరికీ చెప్పాలి కదా, అందుకే వచ్చాను. డీవీఎల్ చదివిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. భూతద్దం లాంటి లైటుతో చాలాసేపు చూశారు. స్టెరాయిడ్ వల్లే అన్నారు, కింద మంగు కూడా ఉందన్నారు. ట్యూబ్ ఆపించారు. మంటకి వేరే పూత, కొన్నాళ్లు మాత్రలు, సబ్బు మానేసి నురగ లేని క్లెన్సర్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. అంతే. లైట్ అడిగితే "ఇప్పుడు మాటే వద్దు" అన్నారు.

మొదటి వారాలు నరకం. మొహం ఉబ్బి ఎర్రగా, స్కూల్లో పిల్లలు కూడా "ఏమైంది టీచర్" అన్నారు. డాక్టరమ్మ ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. ఇప్పుడు స్టవ్ దగ్గర మంట బాగా తగ్గింది. మంగు అలాగే ఉంది. పెళ్లి ఫోటోల్లో మంగుతోనే ఉంటాను, పర్వాలేదు.

సుజాత_నిజాంపేట
పద్మగారూ, చాలా చాలా సంతోషం. 24 వేలు కూడా మిగిలాయి, పెళ్లికి మంచి పట్టుచీర కొనుక్కోండి!

ఖమ్మం_రమ
మీ పోస్ట్ మా పిల్లలకి చదివి వినిపిస్తాను, పేరు చెప్పకుండా. అభ్యంతరం లేదు కదా?

పద్మ_బెజవాడ
తప్పకుండా వినిపించండి రమగారూ. ఆ ట్యూబ్ వెనక అక్షరాలు కూడా చూపించండి.

న్యూజెర్సీ_లక్ష్మి
సన్‌స్క్రీన్ గురించి ఒక మాట. ఎస్పీఎఫ్ నంబరొక్కటే చూడకండి. మన చర్మంలో మంగుని కంటికి కనిపించే వెలుగు కూడా రేపుతుంది, మామూలు సన్‌స్క్రీన్ దాన్ని సరిగ్గా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ ఉన్న టింటెడ్ రకం వాడమన్నారు మా డాక్టర్. మన రంగుకి దగ్గరగా ఉండేది దొరికితే తెల్లగా పూసుకున్నట్టు కూడా ఉండదు. రెండు వేళ్ల పొడవునా తీసుకుంటే మొహానికీ మెడకీ సరిపోతుంది. మనవాళ్లు బఠాణీ గింజంత రాసి పనిచేయలేదంటారు.

మిర్చి_రైతుబిడ్డ
ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నా, ఇప్పుడు అడుగుతున్నా. మాది పల్నాడు. అమ్మ మిర్చి కోతకి వెళ్తుంది. రెంటచింతల పక్కనే మా ఊరు, మా ఎండల సంగతి మీకు తెలిసిందే. ఆమె బుగ్గలు, ముక్కు నల్లగా మాడి, పైన ఎర్రగా మండుతుంటాయి. సాయంత్రం కొబ్బరినూనె రాసి ఊరుకుంటుంది. లేజర్లు మా వల్ల కాదు, ఆమె రాదు కూడా. తక్కువలో ఏం చేయొచ్చు? మీరు చెప్పే సన్‌స్క్రీన్ చెమటకి నిలుస్తుందా?

డాక్టర్_విశాఖ_డీవీఎల్
తమ్ముడూ, మీ అమ్మగారికి లేజర్ అవసరమే లేదు. ఎండ ఆగకుండా ఏ లైట్ కొట్టినా నెలలో మళ్లీ మొదటికే వస్తుంది. ముందు గుడ్డ. చెంగు తల మీద కప్పుకోవడం చాలదు, అది బుగ్గల్ని కాయదు. చుట్టూ వెడల్పు అంచు ఉన్న టోపీ, కింద మెత్తటి నూలు గుడ్డ ముక్కు మీదుగా. పదకొండు నుంచి మూడు దాకా వీలైతే నీడ. సన్‌స్క్రీన్ చెమటకి కొంత పోతుంది, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక మొహం కడిగి ఇంకోసారి రాయమనండి. జింక్ ఆక్సైడ్ ఉన్నది సాధారణంగా మంట పుట్టించదు.

మిర్చి కోసిన చేత్తో చెమట తుడుచుకుంటే ఆ ఘాటే బుగ్గల్ని మండిస్తుంది. నడుముకి ఒక శుభ్రమైన గుడ్డ కట్టుకుని దానితోనే తుడుచుకోమనండి. కారం నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. చేతులకి ముందు కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. ఇవన్నీ చేసినా ఎరుపు తగ్గకపోతే గుంటూరు జీజీహెచ్ చర్మ విభాగంలో ఒక్కసారి చూపించండి. ఇంట్లో పాత ట్యూబులేమైనా రాస్తున్నారేమో కూడా చూడండి.

మిర్చి_రైతుబిడ్డ
చూశా సార్. అలమారలో రెండు ఉన్నాయి, ఒకదాని మీద బీటామెథాసోన్ అని ఉంది, అదీ స్టెరాయిడే. గజ్జికని ఎవరో ఇచ్చారట, మొహానికి కూడా రాస్తోందట. సోమవారం గుంటూరు తీసుకెళ్తున్నా. టోపీ ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా? మా దగ్గర క్రికెట్ టోపీలే ఉన్నాయి.

గోదారిగట్టు
క్రికెట్ టోపీ వద్దు తమ్ముడూ, అది నుదురే కాస్తుంది, చెవులూ బుగ్గలూ ఎండలోనే. మా కోనసీమలో తాటాకు గొడుగు టోపీలు అల్లుతారు, తేలిగ్గా ఉంటాయి, గాలి ఆడుతుంది. నీకు ప్రైవేట్ మెసేజ్ పెట్టాను, అడ్రస్ పంపు. నాలుగు పంపిస్తాను, అమ్మతో పాటు కోతకి వచ్చేవాళ్లకి కూడా ఇవ్వు.